ఆయిలు దిగేదాకా

ఇంజను వేడిగా ఉన్నప్పుడే ఆయిలు దించాలని లాల్‌సాబ్ చెప్పేవాడు. చల్లారితే మురికంతా అడుగునే పేరుకుపోతుంది, వేడి మీదైతే కలిసి బయటికి వచ్చేస్తుంది. అందుకని దేవప్ప పావుగంట సేపు ఇంజను ఆడించి ఆపి, గోనెపట్టా పరుచుకొని, కారు కిందికి వెల్లకిలా జరిగాడు. వేళ్లతో తడిమి బోల్టు పట్టుకొని స్పానరు తగిలించి తిప్పాడు. మొదట మణికట్టు మీద వెచ్చటి చుక్క పడింది, ఆ వెనక ధార, ఆ ధార రేకు బేసినులో పడుతున్న చప్పుడు. ఇక చేసేదేం లేదు, పూర్తిగా దిగేదాకా పడుకొని ఉండడమే. గంట పడుతుంది. తొందరపడి అరగంటకే బిగించేసేవాళ్లు ఉంటారు గానీ ఆఖరి చుక్కల్లోనే అసలు మడ్డి ఉంటుందని లాల్‌సాబ్ అనేవాడు. ఆ లాల్‌సాబ్ ఈ తెల్లవారుజామున హిందూపురంలో చనిపోయాడు.

అతని తమ్ముడు అమీర్‌సాబ్ మొదటి బస్సుకు పెనుకొండలో దిగి, తమవాళ్ల ఇళ్లన్నీ తిరిగి చెప్పుకుంటూ చివరికి ఈ వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చెప్పులు కూడా విడవలేదు. "దేవప్పన్నా, మా అన్న పోయినాడు. మధ్యాహ్నం జొహర్ నమాజైనంక మట్టి. నీకు తప్పకుండా చెప్పమని అన్ననే అన్యాడు, అందుకని వచ్చినా" అన్నాడు. ఆ మాటలో కోపం ఉందా అని దేవప్ప వెతికాడు, లేదు. ప్రేమ ఉందా అని వెతికాడు, అదీ లేదు. అప్పగించిన పని చేసి పోయే మనిషి గొంతు. పదిన్నర బస్సుకు వస్తానని దేవప్ప చెప్పాడు. చెప్పి, అమీర్‌సాబ్ అడుగుల చప్పుడు సందు మలుపు దాటేదాకా నిలబడి, ఇంట్లోకి పోకుండా నేరుగా పెరట్లోని ఈ షెడ్డులోకి వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో తనకే తెలియదు. ఆయిలు మార్చాల్సిన తారీఖు దాటి వారమైంది, అందుకే అనుకున్నాడు. ఆరేళ్లుగా రోడ్డు మొహం చూడని కారుకు తారీఖు ఏంటని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. భార్య అలివేలమ్మ అడగదు. తప్పకుండా చెప్పమన్నాడట. ఎప్పుడన్నాడు? దగ్గు తెరలు తెరలుగా వచ్చే ఈ ఆఖరి దినాల్లోనా, అంతకుముందెప్పుడో ఆరోగ్యంగా ఉన్నప్పుడా? ఎందుకన్నాడు? రమ్మనా, రాలేడని తెలిసా?

కారు కింద చీకటి. చీకటితో ఇప్పుడు అతనికి కష్టం లేదు, బయట ఎండలోనే కష్టం. ఎండలో లోకమంతా ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు, ఎదురుగా అణాబిళ్లంత మేర మాత్రం కనిపిస్తుంది. ఆ బిళ్లకు చుట్టుపక్కల నల్లగా కూడా ఉండదు, ఏమీ ఉండదు. అలివేలమ్మ ఎదురుగా వచ్చి నిలబడితే ఆమె ముక్కుపుడక కనిపిస్తుంది, చేతిలో ఏం తెచ్చిందో కనిపించదు. కానీ ఇక్కడ పడుకుంటే గొట్టంతో పనిలేదు, వేళ్లే చూస్తాయి. ఇది ఆయిలు తొట్టి, ఇది గేరుపెట్టె, ఇది బ్రేకు తీగ, ఇది గ్రీజు ఎక్కించే ముక్కు. ఈ ముక్కును లాల్‌సాబ్ ఎప్పుడూ మర్చిపోయేవాడు, మళ్లీ కిందికి దూరి, తనను తానే ఉర్దూలో తిట్టుకుంటూ గ్రీజు పెట్టేవాడు. తిట్లకు ఇద్దరూ నవ్వేవాళ్లు. ధార ఇంకా లావుగానే పడుతోంది. వేడి ఆయిలు వాసన. ఈ వాసనలో లాల్‌సాబ్ బీడీ వాసన కూడా కలిసి ఉండాలి, కలిసి ఉన్నప్పుడే ఇది పూర్తి వాసన. ఆరేళ్లుగా సగం వాసనే పీలుస్తున్నాడు.

యాభై మూడులో, కొడగు కాఫీ తోటల దొర ఒకాయన ఇంగ్లండు సీమకు వెళ్లిపోతూ బెంగుళూరులో అమ్మేసిన ఎర్ర ఎం.జి. కారు ఇది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు. పందేలకు పోయే జాతి బండి అని దొర చెప్పాడు. దేవప్ప నాయన అప్పటికి బతికే ఉన్నాడు. వేరుశెనక్కాయల మూట ఒక్కటి పట్టని బండి బండెట్లవుతుందని అడిగి, జవాబు వినకుండా కనగానపల్లి చేనికి పోయాడు. కొన్న నెలకే హిందూపురం బెల్లం మండీ దగ్గర టైరు దిగిపోయింది. జనం గుమిగూడారు గానీ చక్రం ఎట్లా ఊడదీయాలో ఎవరికీ అంతుబట్టలేదు, నట్లు లేవు, నడిమధ్య రెండు చెవులున్న పెద్ద మర ఒక్కటే ఉంది. అప్పుడు ఒక పొడుగాటి మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి, మోకాళ్ల మీద కూర్చొని, కొత్త దూడను నిమిరినట్టు ఆ మరను చేత్తో నిమిరి, ఇనుప సుత్తి వద్దు, రాగిది కావాల అన్నాడు. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన మనిషి. స్టేషను రోడ్డులో చిన్న టైర్ల కొట్టు. ఆ దినం చక్రం వేసి పంపుతూ, ఈ బండిని ఎవనికీ అప్పగించొద్దు, నీ చేతులతోనే చూసుకో, నేను నేర్పిస్తా అన్నాడు. మాటవరసకు అన్నాడనుకున్నాడు దేవప్ప. ఆ మరుసటి ఆదివారమే లాల్‌సాబ్ బస్సెక్కి వచ్చేశాడు.

రెండు వేల మైళ్లకోసారి ఆయిలు. వెయ్యి మైళ్లకోసారి చక్రాలు మార్చుకోవడం, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. దించిన ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసుకొని రుద్దితే, గరుకు తగిలితే, లోపల ఎక్కడో ఇనుము అరుగుతోందని. టైరు మీద అరచేయి ఇటునుంచి అటు ఒకసారి, అటునుంచి ఇటు ఒకసారి రాస్తే, ఒక దిక్కు నున్నగా ఒక దిక్కు పదునుగా తగిలితే, చక్రం వంకరగా ఈడుస్తోందని. కళ్లు మూసుకొని చూడమనేవాడు లాల్‌సాబ్, కళ్లు అబద్ధాలు చెప్తాయనేవాడు. ఎన్ని ఆదివారాలు! అలివేలమ్మ ఉగ్గాని చేసి పంపితే ఇద్దరూ ఈ షెడ్డులోనే కూర్చొని, మోచేతుల దాకా నలుపుతో, గోళ్ల కింద గ్రీజుతో తినేవాళ్లు. మాట్లాడుకునేది తక్కువ. లాల్‌సాబ్ చిన్నగా ఏదో కూనిరాగం తీసేవాడు. అంతకంటే సుఖమైన పొద్దులు తన బతుకులో ఉన్నాయా అని వెతికితే దేవప్పకు దొరకవు. పెళ్లిలో లేవు, పంటలో లేవు. పుట్టి పోయిన బిడ్డ ఉయ్యాల్లో ఉన్న ఆ మూడు నెలలు ఉన్నాయి, అవి తీసేస్తే ఇంకేం లేవు. ఒక మనిషి పక్కన వెల్లకిలా పడుకొని బండి కడుపు కింద ఆయిలు దిగేదాకా ఎదురుచూడడం. అంతే. దానికోసమే బతికినట్టుంది. దాన్నే కోశాడు.

కోశాడు అన్న మాట దగ్గర ఆగాడు. చెయ్యి చాపి బేసినును కొంచెం జరిపాడు, అవసరం లేకపోయినా.

యాభై ఏడు ఆఖర్లో బెంగుళూరు కంటి డాక్టరు ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి, చాలాసేపు చూసి, లైటు వేసి, ముందు రాత్రిచూపు పోతుంది, తర్వాత పక్కచూపు, ఆ తర్వాత మిగిలింది కూడా, దీనికి మందు లేదు అని కన్నడంలో మెల్లగా చెప్పాడు. పొద్దు వాలాక బండి ముట్టుకోవద్దన్నాడు. ఇంట్లో చెప్పమన్నాడు. దేవప్ప ఇంటికొచ్చి కళ్లు బాగున్నాయట, అద్దాలు కూడా వద్దన్నాడు అని చెప్పాడు. ఎందుకు అట్లా చెప్పాడో ఇన్నేళ్లుగా తవ్వుకుంటున్నాడు. సిగ్గా? ఎర్ర కారు దేవప్ప అనే పేరు పోతుందనా? కాదు. ఆదివారాలు పోతాయని. బండి తోలలేనివాడికి ఆయిలు ఎందుకు, టైర్లు ఎందుకు, లాల్‌సాబ్ ఎందుకు వస్తాడు? అందుకని కిటుకులు నేర్చుకున్నాడు. తల ఇటూ అటూ తిప్పుతూ తోలడం, వేడుకగా చూస్తున్నట్టు. మసక పడితే ముందు పోయే లారీ వెనక దీపం పట్టుకొని పోవడం. ఎవరికీ తెలియలేదు అనుకున్నాడు. ఒక ఆదివారం పక్కనే పెట్టుకున్న స్పానరు కోసం గోనెపట్టా అంతా తడుముతుంటే లాల్‌సాబ్ దాన్ని తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఆ తర్వాత నుంచి ప్రతి పనిముట్టూ అరచేతిలోనే పెట్టేవాడు. మర్యాద అనుకున్నాడు దేవప్ప. ఎంత పిచ్చి!

ఆ సన్న టైర్లు అప్పటికే దొరకడం మానేశాయి. సీమ నుంచి సరుకు రావడం లేదని మద్రాసులో కూడా చేతులెత్తేశారు. ఉన్నవాటినే లాల్‌సాబ్ బిళ్లలేసి, రబ్బరు ఉడికించి, ప్రాణం పోసేవాడు. యాభై ఎనిమిది మాఘమాసంలో ముందు ఎడమ టైరు పక్కన చీలిక కనిపిస్తే మూడు దినాలు కొట్టులో ఉంచుకొని బాగుచేసి తెచ్చాడు. టైరంతా పోయినా ఈ బిళ్ల మాత్రం పోదు అని గోటితో కొట్టి చూపించాడు. టకటకమని గట్టి చప్పుడు. ఆ తర్వాత పదో దినమే అలివేలమ్మ అన్నకూతురి పెళ్లికి చీరలు తేవాలని ధర్మవరం పోయారు ఇద్దరూ. చీరల దగ్గర ఆలస్యమైంది. మగ్గాల వీధిలో నుంచి బయటపడేసరికి పొద్దు గుట్టల వెనక్కి పోతోంది. అక్కడే ఉండి తెల్లారి పోదామని అనాల్సింది. అలివేలమ్మ అడిగింది కూడా, ఈ రాత్రికి ఈడనే ఉందామా అని. గంటలో ఇంట్లో ఉంటాం అన్నాడు తను. ఆ గంట. రైలు గేటు దాటారు. రోడ్డు బూడిదరంగైంది, చెట్లు బూడిదరంగయ్యాయి, రెండూ ఒకటయ్యాయి. ముందు పోయే లారీ ఏదీ లేదు. అలివేలమ్మ సైకిలు, సైకిలు అంది. ఆ మాట వినిపించింది. విని, ఆ గొట్టంలో సైకిలు కోసం వెతికాడు, కుడివైపు వెతికాడు, నడిమధ్య వెతికాడు. సైకిలు ఎడమవైపు ఉంది.

ఈరన్న. పేరు తర్వాత తెలిసింది. ధర్మవరం నేతగాడు, నేసిన పట్టుచీర గుడ్డలో చుట్టి కారియరుకు కట్టుకొని పెనుకొండ సావుకారుకు ఇవ్వడానికి బయలుదేరినవాడు. భార్య పేరు ఆదెమ్మ. ఆమె విచారణ దినం వరండాలో తల మీద కొంగు కప్పుకొని కూర్చొని ఉంది, దేవప్ప ముందు నుంచే నడిచిపోయాడు, ఆమె గొట్టంలోకి రాలేదు. అంటే చూడలేదు అని చెప్పుకోవచ్చు. చూపు పోవడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది. ఏమి రాశారు? టైరు పేలి, బండి ఎడమకు ఈడ్చి, సైకిలును గుద్ది, గుంతలోకి దిగి తుమ్మచెట్టుకు ఆనుకుంది. తోలేవాడి తప్పు లేదు. పది దినాల కిందట టైరు బాగుచేసింది ఎవరు? హిందూపురం లాల్‌సాబ్. అతన్ని పిలిపించారు, అడిగారు, రాసుకొని పంపించారు. శిక్ష ఏమీ పడలేదు. శిక్ష వేరే పడింది. లారీలవాళ్లు రావడం మానుకున్నారు. బస్సులవాళ్లు మానుకున్నారు. లాల్‌సాబ్ బిళ్ల వేస్తే మనిషి పోతాడు అనే మాట మడకశిర దాకా, గోరంట్ల దాకా పాకింది. ఏడాది తిరక్కుండా కొట్టు మూతపడింది. ఆ చేతులు, కళ్లు మూసుకొని ఇనుముతో మాట్లాడే ఆ చేతులు, మండీలో చింతపండు మూటలు మోశాయి. ఆ దుమ్ముకే దగ్గు పట్టుకుందన్నారు. దేవప్పకేమో ఊరంతా మెప్పు. మనిషి పోయాడని బాధపడి అంత ఇష్టమైన బండిని మళ్లీ ముట్టలేదు, ఎంత మెత్తటి మనసు అన్నారు. ఆ మాట కూడా తీసుకున్నాడు. కాదని అనలేదు.

ధార సన్నబడింది. చప్పుడు మారింది, ఇందాక కుండపోతగా ఉండేది, ఇప్పుడు తీగలాగా ఉంది. వేలు పెట్టి తీసి రుద్ది చూశాడు. నున్నగా ఉంది. తిరగని ఇంజనులో ఏం అరుగుతుంది? ప్రతి ఏడూ ఇంతే, పోసినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో ఇంచుమించు అంతే శుభ్రంగా దిగుతుంది. అయినా దించుతాడు, కొత్తది పోస్తాడు. నెలకోసారి జాకీ ఎత్తి చక్రాలు కొంచెం తిప్పుతాడు, ఒకేచోట ఆని ఉంటే టైర్లు అణిగిపోతాయని. గాలి పట్టి చూస్తాడు. సొట్టపోయిన మడ్‌గార్డు రెక్కను తనే చెక్క సుత్తితో రెండేళ్లు కొట్టి సరిచేశాడు. ఎవరికోసం? లాల్‌సాబ్ ఒక ఆదివారం వస్తాడని. వచ్చి, బానెట్టు ఎత్తి, ఆయిలు పుల్ల తీసి చూసి, బాగా చూసుకుంటున్నావే అంటాడని. మనిషిని అట్లా చేసి, ఆ మనిషి చేతనే మెప్పు పొందాలని ఆరేళ్లు ఎదురుచూసిన తన బుద్ధి తనకే వెలపరంగా అనిపించింది.

వచ్చాడు కదా ఒకసారి. విచారణ అయిన నెలకు. ఇదే షెడ్డు. గుంత నుంచి ఎద్దులతో ఈడ్చి తెచ్చిన కారు ఒరిగి ఉంది. లాల్‌సాబ్ గడప దగ్గర నిలబడి, ఆ టైరు ఒకసారి చూస్తానని అడిగాడు. పారేశానని చెబుదామనుకున్నాడు దేవప్ప, గోడకు ఆనించి ఉన్న టైరు గొట్టంలోంచి అతనికే కనబడుతోంది. లాల్‌సాబ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. బిళ్ల మీద గోటితో కొట్టాడు. అదే గట్టి చప్పుడు. బిళ్ల చెక్కుచెదరలేదు, దాని పక్కనే, జానెడు పొడవున, తిన్నగా కోసిన గాటు. పేలిన టైరు పేగులు బయటపడ్డట్టు చిరుగుతుంది, అది చెప్పింది ఇతనే. లాల్‌సాబ్ బొటనవేలిని ఆ గాటు వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపించాడు, ఆగి, మళ్లీ వెనక్కి నడిపించాడు. తన కత్తి చేసిన పని ఆ వేలికి తెలియదా? రబ్బరు కోసే వంకీకత్తి, తనే చెక్కపిడి వేసి దేవప్పకు ఇచ్చింది, పనిముట్ల సంచిలో ఎప్పుడూ ఉండేది. లేచి నిలబడ్డాడు. చాలాసేపు దేవప్ప మొహంలోకి చూశాడు. అప్పుడు అరవాల్సింది, చొక్కా పట్టుకోవాల్సింది, వీధిలోకి ఈడ్చాల్సింది. "సాయంత్రమైతే బయటికి పోవద్దు దేవప్పన్నా" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ మాటను దేవప్ప బెదిరింపు అనుకున్నాడు, ఈరన్నవాళ్లు ఎక్కడైనా పట్టుకొని కొడతారని చెప్తున్నాడు అనుకున్నాడు. ఏళ్లు పట్టింది దాని అర్థం తెలియడానికి. తెలిశాక హిందూపురం పోయి కాళ్లు పట్టుకుందామని ఎన్నిసార్లు బస్టాండు దాకా పోయాడు! బస్సు ఎక్కే మెట్టు కనిపించలేదని వెనక్కి వచ్చేవాడు. మెట్టు కనిపించకపోవడం నిజమే. అది నిజం కావడమే అతని పాలిట పెద్ద సాకు.

దూరంగా దర్గా మలుపు దగ్గర బస్సు హారను. పదిన్నర బస్సు. ఇప్పుడు లేచినా, ఈ చేతులతో, ఈ పంచెతో అయినా, అలివేలమ్మ చెయ్యి పట్టుకొని సందుల్లో పడి పోతే అందుకోవచ్చు. కండక్టరు మూటలు ఎక్కించేదాకా ఆపుతాడు. లేవలేదు. చుక్కలు పడుతున్నాయి, ఒక్కొక్కటి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఊపిరి పట్టేంత ఎడం. ఆ ఎడంలోకి, ఇన్నేళ్లుగా రానివ్వకుండా తలుపు అడ్డం పెట్టుకున్నది, వచ్చేసింది.

గుంతలో బండి ఆగాక చప్పుడు లేదు. అలివేలమ్మ తల డాషుబోర్డుకు కొట్టుకొని, పక్కకు వాలి, కళ్లు మూసుకొని ఉంది, ఊపిరి ఆడుతోంది, అది మొదట తడిమి చూశాడు. ఎక్కడో ఎడమవైపు, తనకు లేని ఆ పక్కన, సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది, దాని చువ్వల సన్నటి సొద. అది ఆగింది. ఆగాక ఒక గొంతు, నీళ్లు అంది. అరవలేదు. ఇంట్లో ఎవరినో అడిగినట్టు అడిగింది. నీళ్లు. అలివేలమ్మ కాళ్ల దగ్గర మరచెంబు ఉంది, ధర్మవరంలో నింపిన నీళ్లు, సగానికి పైగా ఉన్నాయి, దిగుతున్నప్పుడు దేవప్ప కాలికి తగిలి లోపల కదిలాయి. తగిలిన చెంబును దాటుకొని దిగాడు. సంచి విప్పాడు. కత్తి పిడి చేతికి తగిలింది. టైరు ముదురు, కత్తి ఒక్కసారిగా దిగలేదు, మోకాలు ఆనించి రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. మొదట ఈ పని, తర్వాత ఆ పని అని మనసులో వరుస పెట్టుకున్నాడు, గుర్తుంది, పొలంలో పనులు పురమాయించినట్టు. గొంతు మళ్లీ అడిగింది. గాలి బుస్సుమని పోయింది, చాలాసేపు పోయింది. కత్తి తుడిచి సంచిలో పెట్టి, సంచి కట్టి, అప్పుడు చెంబు తీసుకొని పోయాడు. చేతులు చాపి తడుముకుంటూ, ముళ్లలో పడి, సైకిలు తగిలింది, గుడ్డ చుట్టిన చీర తగిలింది, మనిషి తగిలాడు. తల ఒడిలోకి ఎత్తి నీళ్లు పోశాడు. నోటి వారన జారి తన మోచేతి మీదుగా కిందికి పోయాయి. పోస్తూనే ఉన్నాడు, చెంబు ఖాళీ అయ్యేదాకా. ధర్మవరం నుంచి వచ్చే బస్సు దీపాలు మీద పడేదాకా అట్లాగే ఉన్నాడు. ఆ దృశ్యం చూసిన జనమే, పరాయి మనిషికి ఎంత సేవ చేశాడో అని చెప్పుకున్నారు.

బస్సు వచ్చి ఆగి, పోయింది. ఆ చప్పుడు కోట గుట్ట వైపు సన్నబడి ఆరిపోయింది. షెడ్డు తలుపు కిర్రుమంది. అలివేలమ్మ పాదాలు కారు పక్కన వచ్చి ఆగాయి, మెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడును బట్టి ఆమె కూర్చుందని తెలిసింది. ఆరేళ్లలో ఆమె ఈ షెడ్డులోకి రావడం ఇదే మొదలు.

బస్సు పోయిందని చెప్పింది. విన్నానన్నాడు. తర్వాత దేవప్ప, కారు కిందనుంచే, ఇంజనుకు చెప్పినట్టుగా చెప్పాడు: "షంషాద్‌బీ దగ్గరికి పోవాల, లాల్‌సాబ్ ఇంటికి. ఆయమ్మకు చెప్పాల. టైరు పేలల్యాదని."

"ఆయమ్మకు తెలుసు" అంది అలివేలమ్మ. "నాలుగేండ్ల కింద దర్గాకాడ బాబయ్య ఉరుసులో కలిసింది. మీ ఇంటాయన కండ్లు పోతాండాయి, ఒంటిగా యాడికీ పంపొద్దమ్మా, నా మొగుడు నీతో చెప్పమన్యాడు, అనింది. టైరు మాట ఎత్తల్యా. ఎత్తుతాదేమోనని నేను సూస్తా కూర్చున్యా. తెలిసే ఎత్తల్యా."

లాల్‌సాబ్‌కు గాటు సంగతి తెలుసని దేవప్పకు తెలుసు, కళ్ల సంగతి కూడా తెలుసని తర్వాత తెలుసుకున్నాడు, కానీ ఇంటికి పోయి పెళ్లాంతో కూర్చొని ఆ రెండూ చెప్పి, చెప్పాక కూడా, కొట్టు మూస్తూ కూడా, మూటలు మోస్తూ కూడా, ఈ దేవప్పను ఎవరైనా చెయ్యి పట్టుకొని నడిపించాలని ఆలోచించాడని తెలియదు. తను దాచుకుంటున్నానని అనుకున్నది ఆరేళ్లుగా మూడు మనసుల్లో ఉంది. ముగ్గురూ దాన్ని అతనికోసం మోశారు, అతనొక్కడే ఒంటరిగా మోస్తున్నానని అనుకున్నాడు. ఇప్పుడు పోయి ఏం చెప్పాలి? చెప్పడానికి మిగిలింది ఏమిటి? మిగిలింది ఉంది. అది లాల్‌సాబ్ వేలికి కూడా అందలేదు. గాటు చెప్పలేదు దాన్ని.

"ఇంకొకటి ఉండాది" అన్నాడు. "అది ఎవరికీ తెలీదు. నువ్వు అప్పుడు తెలివిలో లేవు."

బేసినులో ఒక చుక్క పడింది. ఇంకొకటి పడడానికి చాలా సమయం తీసుకుంది.

"నీళ్లు అడిగినాడు" అంది అలివేలమ్మ. "రెండు తూర్లు. నేనూ విన్యా."

దేవప్ప కారు అడుగును చూస్తూ పడుకొని ఉన్నాడు. గేటు దాటినాక తనకు ఏమీ గుర్తులేదని ఆమె అందరికీ చెప్పింది, విచారణలో చెప్పింది, డాక్టరుకు చెప్పింది, తనకు చెప్పింది. ఆ మాట మీదే ఇన్నాళ్లూ నిద్రపోయాడు. ఆ రాత్రి తర్వాత ఆమె తన కళ్లల్లోకి చూడకపోవడం తన కళ్ల జబ్బు వల్లే అనుకున్నాడు.

"లెయ్యలేకపోతివా?" అని అడిగాడు. అవునని అనాలని, ఆ ఒక్కటైనా దక్కాలని, అడుగుతున్నప్పుడే ప్రాణమంతా చెవుల్లోకి తెచ్చుకున్నాడు.

"లెయ్యగలిగేదాన్నే" అంది అలివేలమ్మ. "చెంబు నా కాళ్లకాడనే ఉండె. నువ్వు ఏం చేస్తాండావో కనపడతానే ఉండె. కండ్లు మూసుకున్యా."

రెండు గంటలకు ఇంకో బస్సు ఉంది. దాని మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. హిందూపురంలో నమాజు అయి, లాల్‌సాబ్‌కు మట్టి ఇచ్చి జనం ఇళ్లకు పోయే వేళకు కూడా, ఆమె నేల మీద, అతను కారు కింద, అట్లాగే ఉన్నారు.